పోలరేవు గోళీల కొండ

పోలరేవుకి సముద్రం ఉంది. ఈ సంగతి పోలరేవులో పుట్టిన పసిపిల్లకైనా తెలుసు గానీ ప్రభుత్వానికి తెలియదు. తెలియదంటే మరీ గుడ్డితనం అని కాదు, ఫైల్లో దానికి చోటు దొరకలేదు. ప్రతి తీర పట్టణానికీ ఏడాది తిరిగేలోగా కనీసం ఒక గుర్తింపు పొందిన 'ఆకర్షణ' ఉండి తీరాలనీ, లేకపోతే పర్యాటక పట్టణం హోదా రద్దవుతుందనీ పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పురపాలక సంఘం వాళ్ళు అమాయకంగా "మాకు సముద్రము కలదు" అని జవాబు రాశారు. వారం తిరక్కుండా బదులొచ్చింది. సదరు సముద్రానికి అంచనా వేయబడలేదు, టెండరు పిలవబడలేదు, శంకుస్థాపన జరగలేదు, శిలాఫలకం లేదు, కావున దానిని ఆకర్షణగా పరిగణించుట సాధ్యపడదు. పైగా అది పక్క మునిసిపాలిటీకి కూడా ఉన్నది.

"ఆ చివరి మాటలో న్యాయం ఉంది," అన్నారు కమిషనర్ వేణుధర్ గారు. ఆయనకి పై నుంచి వచ్చిన కాగితంలో ఎక్కడో ఒకచోట న్యాయం కనిపించి తీరుతుంది. కనిపించకపోతే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదువుతారు.

మునిసిపల్ ఆఫీసు గేటుకి ఎదురుగా సూరీడమ్మ గోళీ సోడా బండి ఉంటుంది. ఈ కబురు ఆమెకి ఆ పూటే చేరింది. ఆఫీసులో ఏ కబురైనా ముందు బండి దగ్గరికొచ్చి సోడా తాగి గానీ ఊళ్ళోకి వెళ్ళదు. బండీ, సోడా మెషినూ, సీసాలూ అన్నీ మావగారి నుంచి వచ్చాయి. మెషిను రెండుసార్లు మారింది. బండి చక్రాలు ఎన్నిసార్లు మారాయో ఆమెకే గుర్తులేదు. సీసాలు మాత్రం అవే. మెడ దగ్గర నొక్కు, ఆ నొక్కులో ఆకుపచ్చ గోళీ, చేతిలో పట్టుకుంటే బరువుగా ఉండే పాతకాలం గాజు. ఇప్పుడలాంటివి ఎవరూ చేయడం లేదు. మొగుడు పోయాక ఆ సీసాల మీదే ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. అందుకని సూరీడమ్మ దగ్గర సోడా తాగినవాడు సీసా కింద పెట్టేదాకా ఆమె కళ్ళు వాడి చేతి మీదే ఉంటాయి. కమిషనరైనా సరే.

ఆకర్షణ లేదని తేలాక ఊరుకుంటారా? ప్రపంచంలో తీర పట్టణాలు ఆకర్షణల్ని ఎలా సంపాదిస్తున్నాయో స్వయంగా అధ్యయనం చేయాలని కౌన్సిలు ఏకగ్రీవంగా తీర్మానించింది. వియత్నాంలో దనాంగ్ అని సముద్రపొడ్డు నగరం ఉందనీ, అక్కడ చూడదగినవి కాలు పెట్టిన చోటల్లా ఉన్నాయనీ ఎవరో చెప్పారు. చైర్మన్ కూర్మినాయుడు, కమిషనర్ వేణుధర్, ఆఫీసు మేనేజర్ కామేశం ముగ్గురూ విజ్ఞాన యాత్రకి బయల్దేరారు. కామేశాన్ని ఎందుకు తీసుకెళ్ళారంటే నివేదిక రాయడానికి. కూర్మినాయుడు గారికి విజ్ఞానం మీద మోజు ఉంది గానీ రాయడం మీద లేదు.

తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం కామేశం బండి దగ్గరికొచ్చి నుంచున్నాడు. కొత్త టోపీ పెట్టుకున్నాడు, మొహం మాత్రం పాతదే.

"ఏటి బావూ, ఎలగుంది ఆ ఊరు?" అంది సూరీడమ్మ, అల్లం సోడా కొట్టి చేతికిస్తూ.

"అది ఊరు కాదు సూరీడమ్మా. కొండెక్కితే ఆకర్షణ, దిగితే ఆకర్షణ. ఒక కొండ మీద రెండు పెద్ద రాతి చేతులుంటాయి. బంగారు రంగు వంతెనని ఎత్తి పట్టుకుంటాయి."

"ఎవులి సేతులు?"

"ఎవరివీ కావు. ఉత్త చేతులు."

"ఉత్త సేతులు మీ ఆఫీసులో కనపడవు గదా. అందుకే మీకు వింతగా అనిపించినాది."

కామేశం ఆ మాట వినబడనట్టు సోడా తాగాడు. "నది మీద ఇంకో వంతెన. డ్రాగన్ ఆకారం. శని, ఆదివారాలు రాత్రి నోట్లోంచి మంట కక్కుతుంది. ఆ తరవాత నీళ్ళు కక్కుతుంది."

"అరగలేదేమో పాపం. మన అల్లం సోడా ఒకటి పట్టాల్సింది."

"నీతో చెప్పడం నాది బుద్ధి తక్కువ. పక్కనే హోయాన్ అని పాత ఊరు. చీకటి పడితే ఊరంతా రంగు రంగుల కాగితం దీపాలు. సముద్రం వైపు కొండ మీద తెల్లగా అమ్మవారి లాంటి విగ్రహం, తాటిచెట్ల మీద తాటిచెట్లు పెట్టినంత ఎత్తు. ఇంకా... మార్బుల్ మౌంటెన్స్ అని ఐదు కొండలు. లోపల గుహలు. గుహల్లో దేవుళ్ళు. పైన కన్నం లోంచి వెలుతురు పడుతుంది."

"ఎక్కినారేటి?"

కామేశం సీసాలో గోళీ వైపు చూశాడు. "ఎక్కకుండా ఎలా ఉంటాం."

సూరీడమ్మ ఇంకో సీసా అందుకుంది. రెండో సోడా కొట్టి ఇచ్చింది. రెండో సోడాకి అబద్ధం నిలవదని ఆమెకి అనుభవం మీద తెలుసు.

"నీతో కాబట్టి చెబుతున్నాను," అన్నాడు కామేశం గొంతు తగ్గించి. "ఎండ మండిపోతోంది. కొండ నిండా మెట్లు. లిఫ్టు ఉందన్నారు గానీ దాని దగ్గరికి నడవాలిట. నాయుడు గారు బస్సు దిగనన్నారు. ఆయన దిగకపోతే కమిషనర్ దిగరు. ఆయన దిగకపోతే నేనెలా దిగుతాను? పులిహోర పొట్లాలు విప్పుకుని ఏసీలో కూర్చున్నాం. గైడు మైకులో చెప్పిందంతా రాసుకున్నాను. ఎక్కడా అనకు."

"నాకెందుకు బావూ," అంది సూరీడమ్మ. నిజంగానే ఎక్కడా అనలేదు. బండి దగ్గర విన్నది బండి దగ్గరే ఉండాలని ఆమె మర్యాద.

కామేశం నివేదిక అద్భుతంగా రాశాడు. 'సదరు కొండలను బృంద సభ్యులు ముగ్గురూ అధిరోహించి, గుహలను స్వయముగా పరిశీలించడమైనది' అన్న వాక్యం దగ్గర కమిషనర్ గారు కాసేపు ఆగి, 'స్వయముగా' కింద ఒక గీత కూడా గీశారు. పోలరేవులో కూడా అలాంటి ఆకర్షణలన్నీ పెట్టడానికి అనుమతించవలసిందని ప్రతిపాదనలు ఇంగ్లీషులో రాజధానికి వెళ్ళాయి. అక్కడ పరిపాలనంతా తెలుగులోనే సాగాలన్న ఉత్సాహం కొత్తగా పుట్టింది. అందుచేత ప్రతి కాగితం అనువాద విభాగం మీదుగా పోతుంది. అనువాద విభాగం వాళ్ళు దనాంగ్ వెళ్ళలేదు. వాళ్ళకి నిఘంటువు ఇచ్చారు గానీ బస్సు ఇవ్వలేదు.

ఒక్కొక్కదానికీ ఒక్కొక్క అడ్డంకి వచ్చింది. మునిసిపల్ ఆఫీసు ఎదుట బ్రహ్మాండమైన చేతులు చాపి ఉండటం వల్ల ప్రజల్లో అపార్థాలకు అవకాశమున్నదని చేతుల వంతెన తోసిపుచ్చారు. పోలరేవులో ఉన్న ఒకే ఒక్క ఫైరింజను వంతెన పక్కనే నిలబడి, డ్రాగన్ కక్కిన మంట కక్కినట్టు ఆర్పడానికి ఒప్పుకుంటే తప్ప అనుమతి లేదని అగ్నిమాపక శాఖ రాసింది. విగ్రహం ఎవరిదన్న విషయం మీద కౌన్సిల్లో కుర్చీలు లేచాయి. కాగితం దీపాలకి తడి గాలి పడదన్నారు. మిగిలింది ఐదో ప్రతిపాదన. దాన్ని మాత్రం ప్రభుత్వం సంతోషంగా మంజూరు చేసింది.

ఉత్తర్వు చదివే రోజు కౌన్సిల్ హాలుకి సోడాలు పంపమన్నారు. సూరీడమ్మ పెట్టె నెత్తిన పెట్టుకుని తనే వెళ్ళింది. సీసాలు కౌన్సిలర్ల మధ్య వదిలేసి రావడం ఆమెకి ఇష్టం లేదు. గోడవారగా నిలబడింది.

కమిషనర్ గారు చదివారు. "దనాంగ్ నగరమందలి ప్రసిద్ధ గోళీల కొండల నమూనాలో, పోలరేవు పట్టణమందు ఐదు గోళీల కొండలను నిర్మించుటకు ప్రభుత్వము ఇందుమూలముగా..."

ఆయన ఆగారు. హాల్లో ఎవరో దగ్గారు.

"గోళీలేటి?" అన్నాడు వెనక వరసలో ఒక కౌన్సిలరు. "మార్బుల్ అంటే పాలరాయి కాదేటి? మా ఇంట్లో గచ్చుకి ఏసినాం."

మార్బుల్ అంటే పాలరాయీ అవుతుంది, పిల్లలాడే గోళీ కూడా అవుతుంది. అనువాద విభాగానికి రెండో అర్థం ముందు దొరికింది. కమిషనర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. గోళీలు గోళీలుగానే ఉన్నాయి.

"ప్రభుత్వ ఉత్తర్వులో పొరపాటు ఉండే అవకాశం లేదు," అన్నారు. "మన అవగాహనలో లోపం ఉండొచ్చు."

"అవగాహన ఎందుకండీ," అన్నాడు కౌన్సిలరు. "మీరు ముగ్గురూ ఎక్కినారు గదా. రిపోర్టులో రాసినారు. ఏటి అవి, రాళ్ళా, గోళీలా?"

సూరీడమ్మకి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కమిషనర్ చైర్మన్ వైపు చూశారు. చైర్మన్ కామేశం వైపు చూశారు. రాళ్ళని చెబితే ఉత్తర్వుని తప్పు పట్టినట్టు. తెలియదంటే బస్సు దిగనట్టు.

ముందు తెగించింది కూర్మినాయుడే. "గోళీలే," అన్నాడు గంభీరంగా. "దూరం నించి రాయిలాగ కనపడతాది. ఎక్కితే గానీ తెలదు."

"స్పర్శ ద్వారా నేను కూడా ధ్రువీకరించుకున్నాను," అన్నారు కమిషనర్.

కామేశం వంతు వచ్చింది. సూరీడమ్మ అతని మొహంలోకే చూస్తోంది. "నా కాలు కూడా జారింది సార్," అన్నాడు. "నాలుగు గోళీలు దొర్లిపోయాయి. మళ్ళీ ఏరి పెట్టేశాను."

తీర్మానం చప్పట్లతో ఆమోదం పొందింది. ఆ రోజు సూరీడమ్మ బండి తోసుకుంటూ ఇంటిదాకా నవ్వుకుంటూనే ఉంది. కూతుళ్ళకి చెప్పి ముగ్గురూ నవ్వారు. గోళీ అంటే తన సరుకే కదా, ఊరికి గోళీల వల్ల పేరొస్తే మంచిదేగా అని కూడా అనుకుంది. నాలుగు సోడాలు ఎక్కువ అమ్ముడుపోతాయని ఆశ కూడా పడింది.

మొదటి లారీ గోళీలు బీచ్ రోడ్డు మీద కుమ్మరించారు. గోళీలు కుప్పగా నిలబడవన్న సంగతి కుమ్మరించాక తెలిసింది. అవి రోడ్డంతా పరుచుకున్నాయి, కాలవల్లోకి దిగాయి, చేపల బజార్లోకి వెళ్ళాయి. ఆ పూట పోలరేవులో నిలబడి నడిచినవాడు లేడు. పెళ్ళి ఊరేగింపొకటి సందు మలుపులో మేళంతో సహా కూర్చుండిపోయింది.

"సార్, కొండ నిలవదు," అన్నాడు ఇంజనీరు. "గోళీ స్వభావం దొర్లడం."

"స్వభావానికి మనం మెమో ఇవ్వలేం కదా," అన్నారు కమిషనర్. "ప్రత్యామ్నాయ మార్గాలు అన్వేషించండి."

అన్వేషించారు. ముందు వలలు కప్పారు. వలలు చేపల కోసం అల్లినవి గనక గోళీలు కన్నాల్లోంచి మర్యాదగా బయటికొచ్చేశాయి. ఆ తరవాత సిమెంటుతో దిబ్బ కట్టి, దాని మీద గోళీలు ఒక్కొక్కటిగా అతికించాలని నిర్ణయించారు. ఐదు కొండలూ దశలవారీగా కడతామనీ, తొలి దశలో ఒక కొండ మాత్రమే అనీ ప్రకటన వెలువడింది. ఆ ఒక్క కొండ ఎత్తు కూడా వారం వారం సవరణకి గురై, చివరికి కూర్మినాయుడు కంటే కాస్త పొడుగుగా ఉంటే చాలన్న దగ్గర ఆగింది.

ఇంతలో గోళీలు చాల్లేదు. దొర్లిపోయినవి దొర్లిపోగా, పంపిన ఫ్యాక్టరీ మూతపడింది. పట్టణ పరిధిలో గోళీలాట నిషేధించారు. ఆకర్షణకి చెందవలసిన సామగ్రిని వ్యక్తిగత వినోదానికి వాడుట నేరమని బోర్డులు వెలిశాయి. బడుల్లో సంచులు పట్టుకుని కానిస్టేబుళ్ళు తిరిగారు. మూడో తరగతి పిల్లలు ఏడుస్తూ జేబులు ఖాళీ చేశారు. కాలవల్లో పూడిక తీసే పనివాళ్ళకి గోళీ దొరికితే అప్పచెప్పి రసీదు తీసుకోవాలని సర్క్యులర్ వచ్చింది. ఇంత చేసినా కొండ నెత్తి బోసిగానే ఉండిపోయింది. తనిఖీ బృందం వచ్చే తేదీ ఖరారైంది. ఆ నెత్తి మీద సిమెంటు కనిపిస్తే హోదా పోతుంది.

అప్పుడు కమిషనర్ వేణుధర్ గారు మధ్యాహ్నం పూట నిమ్మ సోడా తాగుతూ, సీసా మెడలో దొర్లుతున్న ఆకుపచ్చ గోళీ వైపు చూశారు. చాలాసేపు చూశారు. సూరీడమ్మ మిగతా సీసాల మీదికి గుడ్డ లాగింది.

"సూరీడమ్మ గారూ," అన్నారు. ఆయన ఆమెని గారూ అనడం అదే మొదలు. "పట్టణాభివృద్ధిలో పౌర భాగస్వామ్యం అనేది ఒకటుంటుంది."

"అదేటి బాబూ?"

"మీ దగ్గర నిరుపయోగంగా ఉన్న గోళీలను తాత్కాలిక ప్రాతిపదికన స్వాధీనపరచవలసి ఉంటుంది."

"నా దగ్గర నిరుపయోగంగా గోళీలు లేవు బాబూ. సీసాల్లో ఉన్నాయి. గోళీ లేపోతే సీసాలో గ్యాసు నిలవదు."

"సీసాల్లో ఉన్నవే."

"సీసా మెడ పగలగొడితే గానీ గోళీ రాదు బాబూ."

"ఆ సాంకేతిక అంశం ఇంజనీరింగ్ విభాగం చూసుకుంటుంది," అన్నారు కమిషనర్. సీసా జాగ్రత్తగా బండి మీద పెట్టి, నోరు తుడుచుకుని వెళ్ళారు.

సూరీడమ్మ ఆ సాయంత్రం సోడాలు కొట్టలేదు. సీసాలన్నీ కడిగి, బోర్లించి, గుడ్డ కప్పి, ఆఫీసు వరండాలోకి వెళ్ళింది. కామేశం తలుపుకి తాళం వేసుకుంటున్నాడు.

"బావూ, నోటీసు మీ సేతి మీదుగానే వస్తాదట గదా."

"వస్తుంది. నా చేతుల్లో ఏముంది?"

"సీసాలు ఉన్నట్టుగానే అట్టుకెళ్ళి కొండ మీద పెట్టుకోండి. నేను అడ్డం సెప్పను. తనికీ అయిపోయాక ఇచ్చీండి."

"అడిగాను. ఉత్తర్వులో గోళీల కొండ అని ఉందిట. సీసాల కొండ అని లేదుట."

"అయితే ఆ ఉత్తర్వే తప్పని సెప్పీండి. అవి రాళ్ళని మీకు తెల్సు. నాకు తెల్సు. ఒక్క మాట. మీరు ఒక్క మాట సెబితే నా బతుకు నిలబడతాది."

కామేశం తాళంచెవి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ తీశాడు. "ఎలా చెప్పను సూరీడమ్మా? మేం బస్సు దిగలేదని తేలిపోతుంది. ప్రయాణం బిల్లులు, నివేదిక, అన్నీ తిరగతోడతారు. నాకింకా మూడేళ్ళ సర్వీసుంది. పిల్లాడి ఇంజనీరింగు మధ్యలో ఉంది."

"మీరు బస్సు దిగనందుకు నా సీసాలు పగలాలా?"

కామేశం తాళం సరిగ్గా పడిందో లేదో ఇంకోసారి లాగి చూశాడు. అతనికి సిగ్గేసింది కూడా. ఆ సిగ్గు గేటు దాటేదాకా ఉంది. గేటు దాటాక బస్సు వస్తే పరుగెత్తి ఎక్కాడు.

సీసాలు పగలగొట్టడాన్ని కూడా మునిసిపాలిటీ వాళ్ళు బాగానే చేశారు. ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. పౌర భాగస్వామ్య వేడుక అని బ్యానర్ కట్టారు. కూర్మినాయుడు మొదట కొబ్బరికాయ కొట్టాడు, తరవాత సీసా కొట్టాడు. కొబ్బరికాయ ఒక దెబ్బకి పగిలింది. సీసాకి నాలుగు దెబ్బలు పట్టాయి. "పాతకాలం గాజు, గట్టిది," అని మెచ్చుకున్నాడు. సూరీడమ్మని పక్కన నిలబెట్టి శాలువా కప్పి ఫొటో తీశారు. మిగతా సీసాలు పారిశుద్ధ్య సిబ్బంది గోనెపట్టాల మీద పెట్టి సుత్తులతో పగలగొట్టారు. ఒక్కో సీసా పగిలినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకుంది. మావగారు పోయిన రోజు గానీ, మొగుడు పోయిన రోజు గానీ ఆమె అంతగా ఏడవలేదు. ఆ రెండు రోజులూ మర్నాడు సోడా కొట్టాలి గనక ఏడవడానికి తీరిక లేకపోయింది. ఈసారి తీరికే తీరిక. శాలువాతోనే కళ్ళు తుడుచుకుంది. గుచ్చుకునే రకం శాలువా అది.

తనిఖీ బృందం వచ్చింది. కొండ చుట్టూ తిరిగారు. ఆకుపచ్చ గోళీల నెత్తి ఎండకి మెరిసిపోతోంది. బృందం పెద్దాయన తృప్తిగా తలూపి, గుర్తింపు ఇస్తామని అక్కడికక్కడే చెప్పారు. చెప్పి, కండువాతో మొహం తుడుచుకుని, "పోలరేవు గోళీ సోడాకి ప్రసిద్ధి అని విన్నాను, ఒకటి తెప్పించండి," అన్నారు.

కూర్మినాయుడు కమిషనర్ వైపు చూశాడు. కమిషనర్ కొండ నెత్తి వైపు చూశారు.

"ప్రస్తుతం ఆ సోడా... ఆకర్షణలో అంతర్భాగంగా ఉంది సార్," అన్నారు.

పెద్దాయనకి విషయం కొంచెం కొంచెంగా అర్థమైంది. కోప్పడలేదు. ఆయనకి ఆలోచన వచ్చింది, అది ఇంకా ప్రమాదం. "అంటే గోళీ సోడా ఈ ఊళ్ళో అంతరించిపోయిన సంస్కృతి అన్నమాట," అన్నారు. "అంతరించిపోయిన దానికి గ్రాంటు వస్తుంది. ఉన్నదానికి రాదు. వెంటనే ప్రతిపాదించండి."

నెల తిరక్కుండా పోలరేవులో రెండో ఆకర్షణ వెలిసింది. గోళీ సోడా వారసత్వ కేంద్రం. సూరీడమ్మ బండి ఉన్నచోటనే ఉంది, చుట్టూ రెయిలింగు వచ్చింది. మెషినుకి రంగు వేసి 'తాకరాదు' అని బోర్డు పెట్టారు. సూరీడమ్మని రోజుకూలీ మీద వారసత్వ ప్రదర్శకురాలిగా నియమించారు. సోడా లేదు, సీసా లేదు గనక, బొటనవేలు గాల్లో నొక్కి, గోళీ దిగినప్పుడు వచ్చే 'కీచ్' మన్న చప్పుడు నోటితో చేసి చూపాలి. ఆమె ఒప్పుకుంది. చిన్నకూతురు నర్సింగు చదువుతోంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

సందర్శకులు టికెట్లు కొనుక్కుని వచ్చారు. ఆమె గాల్లో బొటనవేలు నొక్కింది, కీచ్ మంది. వాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. దాహం వేసినవాళ్ళు పక్క దుకాణంలో ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు కొనుక్కున్నారు.

ఒకరోజు మధ్యాహ్నం వరసలో కామేశం కనిపించాడు. చేతిలో టికెట్టు ఉంది. ఆఫీసు సిబ్బందికి రాయితీ కూడా ఉందిట.

"ఎలా ఉన్నావు సూరీడమ్మా?" అన్నాడు రెయిలింగు పట్టుకుని. మాటలో నిజంగానే ఆప్యాయత ఉంది. "చాలా రోజులైంది. ఒకసారి కొట్టు, వింటాను."

సూరీడమ్మ బొటనవేలు లేచింది. లేచి అలాగే ఆగిపోయింది. కింద నుంచి పైకి కోపం వచ్చింది, ఎప్పుడూ రానంత కోపం.

"నోటితో సప్పుడు సేయడం నాకు రాదు బావూ," అంది. "మీ ఆఫీసోళ్ళు నేర్పినారు. ముగ్గురు మగాళ్ళు సముద్రాలు దాటెళ్ళి, కొండ కాడ బస్సు దిగకుండా పులిహోర తిని వచ్చినారు. ఎక్కీసినామని రాసినారు. గోళీ మీద కాలు జారిందని సెప్పినావు. సిగ్గులేదా? నా బండి కాడ నువ్వు తాగిన సోడాలెన్ని. ఒక్క మాట సెప్పమన్నాను. కాళ్ళ మీద పడినట్టు అడిగినాను. నోరు ఇప్పినావా? నా మావ కష్టం, నా మొగుడి కష్టం, నా కష్టం, సుత్తులెట్టి పగలగొట్టించినారు. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని సప్పుడు ఇనడానికి వచ్చినావు. ఏ మొహం పెట్టుకుని వచ్చినావు?"

కళ్ళ నిండా నీళ్ళు. కామేశం తల వంచుకుని, చెవులెర్రబడి, కదలకుండా నిలబడ్డాడు.

వరసలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు ఒకరు, తరవాత అందరూ. "ఎంత సహజంగా చేసిందండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ ఒకావిడ. "ఆ ఆఫీసు ఉద్యోగి వేషం వేసినాయన కూడా బాగా చేశాడు." వెనకున్నవాళ్ళు మొదట్నుంచీ చూడలేదని, మళ్ళీ చేయమని అడిగారు.

చప్పట్లు విని కమిషనర్ వేణుధర్ గారు ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చారు. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. వారసత్వ కేంద్రమందు 'సోడా అమ్మ ఆగ్రహం' అను ప్రదర్శన ప్రతిదినము ఉదయమొకసారి, సాయంత్రమొకసారి ఉండును. మేనేజర్ శ్రీ కామేశం గారు తమ విధులకు అదనముగా సదరు ప్రదర్శనలో తల వంచుకుని నిలబడు బాధ్యతలు నిర్వర్తించవలెను. కామేశం మూడేళ్ళ సర్వీసు గురించి ఆలోచించి సంతకం పెట్టాడు. ఇప్పుడు పోలరేవులో అన్నిటికంటే ఎక్కువమంది చూసే ఆకర్షణ అదే. గోళీల కొండ దగ్గరికి వెళ్ళేవాళ్ళు తక్కువ.

రోజుకి రెండుసార్లు సూరీడమ్మ అతన్ని తిడుతుంది. సిగ్గులేదా అని అడుగుతుంది. కామేశం తల వంచుకుంటాడు. ఇన్నాళ్ళయ్యాక ఆమెకి అలవాటై ఉంటుందనీ, నటనలో ఆరితేరిందనీ ఊళ్ళో అనుకుంటారు. కానీ ఆమెకి ప్రతిసారీ నిజంగానే కోపం వస్తుంది, నిజంగానే ఏడుపొస్తుంది. చప్పట్లలో ఆ సంగతి ఎవరికీ వినబడదు.